ఖాళీ డబ్బా బరువు

జులై 10, బుధవారం

కొత్త చోట మొదటి రోజు. పోయిన ఏడాదంతా బీమా ఆఫీసులో కాగితాలకు చిల్లులు పొడిచి ఫైళ్లలో దూర్చాను. ఈ ఏడాది మట్టి. బడిలో మాకు పనులు చూపించే మేడమ్ "మట్టి పరీక్షల ల్యాబు" అనగానే నాకు ఏడుపొక్కటే తక్కువ. తీరా వెళ్లి చూస్తే భలేగా ఉంది.

ఎక్కడైనా పెద్ద బిల్డింగు కట్టే ముందు, అక్కడి మట్టిని లోతుగా తవ్వి గొట్టాల్లో ఇక్కడికి పంపుతారు. అందులో చిన్న ముద్ద తీసి, మూతున్న ఇనప డబ్బాలో వేసి తూచాలి. మూత తీసి ఓవెన్లో పెట్టాలి. మర్నాడు తీసి మళ్లీ తూచాలి. తగ్గినంతా నీళ్లన్నమాట. ఆ నీళ్లు మట్టిలో ఎన్నో వంతో లెక్కకట్టడానికి డబ్బా బరువు తీసెయ్యాలి. ఒక్కో డబ్బా ఖాళీగా ఎంత బరువుంటుందో గోడమీద పట్టిక అంటించి ఉంది. పెట్టేది ఒకరు, తీసేది మర్నాడు వచ్చేవాళ్లు. కాబట్టి రోజూ వెళ్లేముందు అప్పగింత కాగితం రాసి గోడకు తగిలించాలి.

ల్యాబు పెద్దాయన మనిషి సన్నం, మాట కరుకు. మా పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక ఆయనకు లేదు. "నువ్వు బుధవారమా? సరే, రా" అన్నారు. ఇకనుంచి నేను బుధవారాన్ని. ఏం చెప్పినా "ఏ రోజు? ఎక్కడ రాశావు?" అంటారు. నేను ఆయనకు మిల్లీగ్రాము గారు అని పేరు పెట్టాను. ఆయనకు చెప్పను లెండి.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసి మళ్లీ అదే పాట. "బడికెళ్లే పిల్ల పనికెళ్లడం ఏంటే?" వందోసారి చెప్పాను. మాది సర్కారు బడి కాదు, ఫీజుల బడి, కానీ ఫీజు కట్టలేని వాళ్ల కోసం పెట్టింది. నలుగురు పిల్లలకు కలిపి ఒక ఉద్యోగం. వారానికి తలా ఒక రోజు, శుక్రవారం వంతులవారీగా. మిగతా రోజులు క్లాసులు. జీతం మా చేతికి రాదు, తిన్నగా బడికి పోతుంది. ఆఫీసు వాళ్లు వద్దన్నారంటే నలుగురికీ బడి లేదు, బడి లేకపోతే కాలేజీ లేదు.

"అయితే కుర్చీ ఒకటి, కూర్చునేది నలుగురా?" అంది పిన్ని.

అంతే పిన్నీ.

జులై 17, బుధవారం

ఇవాళ మిల్లీగ్రాము గారు సైటుకు వెళ్లారు. తూచాల్సినవన్నీ మధ్యాహ్నానికే తూచేశాను, ఓవెన్లో పెట్టడానికి కొత్త మట్టి రాలేదు. ఊరికే కూర్చుంటే నాకు చేతులు దురద. అప్పుడు డబ్బాలు కంటబడ్డాయి. ఎన్నేళ్ల మట్టో, అంచుల్లో రాయిలా కాలిపోయి, పైన తుప్పు. మా అమ్మ చూస్తే వాంతి చేసుకుంటుంది.

సింకు కింద ఇనప పీచు దొరికింది. నలభై డబ్బాలు, నలభై మూతలు. అమ్మ క్యాంటీన్లో ఎలా తోముతుందో అలాగే తోమాను, గుండ్రంగా, అంచులకు బొటనవేలితో. చివరికి ముఖం చూసుకోవచ్చు. నంబరు ప్రకారం వరసగా బోర్లించి వచ్చాను.

అమ్మకు చెబితే పొంగిపోయింది. "పనిమంతురాలి కూతురివి అనిపించుకున్నావు" అంది.

జులై 18, గురువారం

మిల్లీగ్రాము గారు డబ్బాలు చూసి "ఎవరు తోమింది? బాగుంది" అన్నారట. గురువారం వెళ్లేవాడు మా క్లాసే కాబట్టి సాయంత్రం ట్యూషన్‌కొచ్చి చెప్పాడు. ఆయన "బాగుంది" అనడం వాడు మొదటిసారి విన్నాడట.

జులై 24, బుధవారం

బంకమట్టిని అరచేత్తో గాజుపలక మీద దొర్లిస్తే సన్నటి తాడులా సాగుతుంది. సాగి సాగి, నీళ్లు ఆరేకొద్దీ ఒకచోట ముక్కలవుతుంది. ఎప్పుడు ముక్కలవుతుందో అదే పరీక్ష. నేను పదకొండుసార్లు దొర్లించాను. ఆరు చాలు.

ఇసక అలా ఎందుకు సాగదు? బంకమట్టి నీళ్లను ఎక్కడ దాచుకుంటుంది? గోడ బీటలు వారడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? మా వంటింటి గోడకు మంచి బీట ఉంది, వానాకాలం మూసుకుని ఎండాకాలం తెరుచుకుంటుంది. మిల్లీగ్రాము గారిని అడిగితే ముందు విసుక్కున్నారు. తర్వాత లంచ్ బాక్సు తెరిచి పెట్టుకుని, తినడం మర్చిపోయి, అరగంట చెప్పారు. కాలేజీలో దీనికోసం ఒక కోర్సే ఉందట! మట్టి చదువుకోవడానికి! ఆ కోర్సుకు దరఖాస్తులో పనిచేసిన చోటునుంచి ఒక ఉత్తరం కావాలి. "అడుగు, రాస్తా" అన్నారు.

అమ్మతో అంటే "మట్టి చదువుకా ఇంత కష్టపడి చదివించింది?" అని నవ్వింది. తర్వాత ఆమే వెళ్లి గోడ బీటలో వేలు పెట్టి చూసుకుంది.

జులై 30, మంగళవారం

మంగళవారం వెళ్లే పిల్ల తొమ్మిదో తరగతి. వేలెడంత ఉంటుంది, ఓవెన్లో పైఅర అందక స్టూలెక్కుతుంది. ఇవాళ స్టూలు కదిలి ఒక డబ్బాలోంచి కొంచెం మట్టి రాలిందట. రాలిందని అప్పగింత కాగితంలో బుద్ధిగా రాసింది. పాపం, మొన్న బస్సు తప్పి గంట ఆలస్యంగా వెళ్లినందుకు ఇప్పటికే దాని మీద ఒక ఫిర్యాదు ఉంది. ఏడాదిలో రెండు ఫిర్యాదులొస్తే పని తీసేస్తారు.

ఆగస్టు 7, బుధవారం

ల్యాబులో అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. ఒక సైటు మట్టినే వేరే ల్యాబులో కూడా పరీక్ష చేయించారట. వాళ్ల లెక్కలో నీళ్లు తక్కువ. మన లెక్కలో ఎక్కువ. ఒక్కటి కాదు, మూడు వారాలుగా అన్నీ ఎక్కువే. మట్టిలో లేని నీళ్లు ఉన్నాయని చెబితే పునాది ఇంకోలా వేస్తారు. మిల్లీగ్రాము గారు త్రాసు విప్పి చూశారు, ఓవెన్లో థర్మామీటరు పెట్టి చూశారు. రెండూ బాగానే ఉన్నాయి.

ఎండిన మట్టి తూచేలోపు రాలిపోతే, పోయిందంతా నీళ్లకింద లెక్కకొస్తుంది. "మీ నలుగురిలో ఎవరో ఒలకబోస్తున్నారు" అన్నారు. "సోమవారంలోపు ఎవరో చెప్పండి. లేకపోతే నలుగురూ వద్దని బడికి రాసేస్తా."



ఆగస్టు 9, శుక్రవారం

సోమవారం పిల్లను ఇవాళ శుక్రవారం వంతుకు ల్యాబుకు పంపారు. పొద్దున్నే చెప్పి వెళ్లింది, "మీరిద్దరూ ఎలా అంటే అలా" అని. మధ్యాహ్నం గురువారం వాడూ నేనూ మంచినీళ్ల కుళాయి దగ్గర చిన్నదాన్ని, అదే మంగళవారం పిల్లను, కూర్చోబెట్టుకున్నాం. బెదిరించలేదు. మంచిగానే అడిగాం.

"మొన్న మట్టి రాలింది నువ్వు తీసినప్పుడే కదా?" అన్నాను.

"ఒక్కసారే అక్కా. రాశాను కదా."

"ఒక్కసారేనా? గుర్తు తెచ్చుకో" అన్నాడు గురువారం. "నీకు పైఅర అందదు కదా. నీకు తెలీకుండా రాలుతోందేమో."

అది మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏమో అన్నా. రాలుతోందేమో."

"ఒప్పేసుకో. చిన్నదానివి, ఏమీ అనరు. లేకపోతే నలుగురం పోతాం" అన్నాను. "సరే అక్కా" అంది. నేను నా బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఇచ్చేశాను. అది తినలేదు, సంచిలో పెట్టుకుంది.

అది దానికి రెండో ఫిర్యాదవుతుందని అప్పుడు నాకు గుర్తులేదు.

ఆగస్టు 12, సోమవారం

చిన్నది పనుల మేడమ్ గదికి వెళ్లి ఒప్పుకుంది. మేడమ్ అక్కడినుంచే ల్యాబుకు ఫోన్ చేశారు.

ఆగస్టు 13, మంగళవారం

చిన్నది బడికి రాలేదు. రెండో ఫిర్యాదు కదా, పని తీసేశారు. వాళ్ల నాన్నను పిలిపించి పుస్తకాలు అప్పగించమన్నారట. మంగళవారాలు కూడా ప్రస్తుతానికి గురువారం వాడే వెళ్తాడు.

నాకు నిజంగా గుర్తులేదు.

ఆగస్టు 14, బుధవారం

పని బాగా జరిగింది. ముగ్గురం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మిల్లీగ్రాము గారు చెప్పారు. ఎవరైనా ఒకరు ఒప్పుకోవాల్సిందే కదా. నలుగురు పోవడం కన్నా ఒకరు పోవడం మేలు. వచ్చే ఏడాది మేడమ్‌తో మాట్లాడితే మళ్లీ తీసుకోవచ్చు కూడా.

దరఖాస్తు ఫారం వచ్చింది. "మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని అర పేజీ ఖాళీ వదిలారు. నాకు అర పేజీ ఏం సరిపోతుంది!

ఆగస్టు 21, బుధవారం

నీళ్లు ఇంకా ఎక్కువే వస్తున్నాయి.

చిన్నది వెళ్లి వారం దాటింది. అది ముట్టుకోని డబ్బాలు, గురువారం తీసిన డబ్బాలు, నేను తీసిన డబ్బాలు, అన్నీ ఎక్కువే. నేను కింద తెల్ల కాగితం పరిచి మరీ తీశాను. ఒక్క రవ్వ రాల్లేదు. మిల్లీగ్రాము గారు తల పట్టుకున్నారు. "మరి ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుంది?" అని నన్నడిగారు.

నాకేం తెలుసు?

కానీ మట్టి రాలకపోతే ఇంకేం జరిగితే నీళ్లు ఎక్కువొస్తాయి? ఇంటికొచ్చే దారంతా ఇదే. బస్సు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచాను. లెక్కలో మూడు బరువులున్నాయి. తడిది, పొడిది, డబ్బాది. తడిదీ పొడిదీ మేమే తూస్తాం. మూడోది ఎవరూ తూయరు. గోడమీద చూసి రాసేస్తాం.

ఆగస్టు 25, ఆదివారం

పెద్ద బాణలి అడుగు నల్లగా కట్టిందని అమ్మ పెరట్లో కూర్చుని పీచుతో తోముతోంది. "చూడవే ఎంత పొట్టు రాలిందో" అని కాగితం మీద పోసి చూపించింది. గుప్పెడు.

నేను లోపలికొచ్చి పడుకున్నాను.

ఆగస్టు 26, సోమవారం

తలనొప్పి.

ఆగస్టు 27, మంగళవారం

తలనొప్పి. అమ్మ నుదురు ముట్టుకుని చూసి "జ్వరమేం లేదే" అంది.

ఆగస్టు 28, బుధవారం

లంచ్ టైములో అందరూ వెళ్లాక ఏడో నంబరు డబ్బా ఖాళీగా తూచాను. గోడమీద 24.61. త్రాసు మీద 22.93. ఇంకోటి తూచాను. ఇంకోటి. నలభైలో పన్నెండు తూచాను. ఒకదానికి గ్రాము, ఒకదానికి ఒకటిముప్పావు గ్రాములు. అన్నీ తక్కువే. ఒక్కటైనా సరిగ్గా ఉంటుందేమోనని చూశాను.

ఆ పట్టిక మీద తేదీ ఆరేళ్ల కిందటిది. ఆ తుప్పుతో, ఆ కాలిన మట్టితో కలిపి తూచిన బరువులవి. అదంతా నేను పీచుతో గీకి సింకులో పోశాను. ఇంకా పాత బరువే తీసేస్తుంటే పొడిమట్టి తక్కువగా, అందులో నీళ్ల వంతు ఎక్కువగా తేలుతుంది. డబ్బాలో వేసే మట్టి ముద్దే నిమ్మకాయంత ఉండదు. అందులో గ్రామున్నర అంటే మాటలా?

మిల్లీగ్రాము గారు చేతులు కడుక్కుని వచ్చి, "ఉత్తరం రాసి పెట్టాను, శుక్రవారం నీ వంతే కదా, తీసుకో" అన్నారు. "థాంక్స్ సార్" అన్నాను. డబ్బాల సంగతి చెప్పలేదు.

ఆగస్టు 29, గురువారం

గుర్తుంది. కుళాయి దగ్గర "ఒప్పేసుకో" అన్నప్పుడు అది రెండో ఫిర్యాదని నాకు గుర్తుంది. ఏమీ అనరని అందుకే అన్నాను, అది భయపడి ఆగిపోకుండా. జులై 30న నేనే రాసుకున్నాను, ఈ డైరీలోనే. వెనక్కి తిప్పి చూసుకోలేదు, అంతే.

సిగ్గేస్తోంది. ఇక్కడ రాయడానికే ఇంత సిగ్గేస్తోంది.

ఆగస్టు 30, శుక్రవారం

చెప్పేశాను.

బల్లమీద ఉత్తరం కవరులో పెట్టి ఉంది. దాన్ని ముట్టుకోకుండా ముందు ఏడో డబ్బా తూచి చూపించాను. ఆయన మళ్లీ తూచారు. గోడమీద చూశారు. తర్వాత నన్ను చూశారు.

"తోమింది నేనే సార్. పీచుతో."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. తర్వాత ఆయన మాటే ఆయన అన్నారు. "ఏ రోజు? ఎక్కడ రాశావు?"

తోమిన రోజు తెలిస్తే చాలట. తడి బరువులూ పొడి బరువులూ అన్నీ రాసే ఉన్నాయి. డబ్బాలు మళ్లీ తూచి, ఆ రోజునుంచి లెక్కలు తిరగరాస్తే సరిపోతుంది, మళ్లీ తవ్వక్కర్లేదు. కానీ నోటిమాట కుదరదు, ఆ రోజే రాసిన కాగితం కావాలి. డబ్బాలు తోమినట్టు అప్పగింత కాగితంలో నేను రాయలేదు. తోమడం కూడా రాయాల్సిన పనేనని ఎవరనుకుంటారు? రాసింది ఒక్క ఇక్కడే.

సంచిలోంచి డైరీ తీసి జులై పదిహేడు పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.  మొదటి వాక్యమే "మిల్లీగ్రాము గారు సైటుకు వెళ్లారు".

"మిల్లీగ్రాము గారెవరు?" అన్నారు.

నేను నేల చూశాను.

"ఇక్కడ పోయింది గ్రామున్నరమ్మా" అన్నారు. నవ్వారో లేదో తెలీదు, తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది. పేజీ రెండుసార్లు చదివి తేదీ రాసుకున్నారు. ఇంకో పేజీ తిప్పలేదు.

"నెలనెలా ఖాళీ డబ్బాలు తూయాలి. ఆరేళ్లయింది తూచి. మెరుస్తున్నాయని మెచ్చుకున్నాను కూడా" అన్నారు.  "ఆ పిల్ల చెయ్యనిది ఎందుకు ఒప్పుకుంది?"

కుళాయి సంగతి కూడా చెప్పాను. ఇది విని మాత్రం ఆయన ముఖం మారింది. డబ్బాల సంగతికి రాని కోపం దీనికొచ్చింది. "తోమడం తెలీక చేశావు. ఇది తెలిసి చేశావు" అన్నారు. కవరులోంచి ఉత్తరం తీసి చింపేశారు. అక్కడే కూర్చుని బడికి ఇంకో ఉత్తరం రాశారు. అందులో ఆయన తప్పూ ఉంది, నా తప్పూ ఉంది. చిన్నదాని మీద ఏమీ లేదని రెండుసార్లు రాశారు.

"మరి నా దరఖాస్తుకు..." అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"రాస్తాను. ఇది కూడా రాస్తాను. నీకు పనికొస్తుందో లేదో వాళ్లు చూసుకుంటారు."

సెప్టెంబరు 1, ఆదివారం

అమ్మకు చెప్పాను. ముందు అర్థం కాలేదు. "మెరిస్తే తప్పేంటే? తోమితే బరువు తగ్గేటట్టయితే మా క్యాంటీన్ గిన్నెలన్నీ ఈపాటికి కాగితాలైపోవాలి" అంది. చిన్నదాని సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. చెప్పులేసుకుని "పద" అంది.

మూడు మెట్లెక్కితే చిన్నదాని ఇల్లు, ఒక్కటే గది, అందులో సగం కుట్టుమిషను. చిన్నది కింద కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, నేనేదో టీచరైనట్టు. వాళ్లమ్మ మిషను ఆపలేదు.

"నీ తప్పేం లేదు. నాదే. అంతా చెప్పేశాను. మేడమ్ నిన్ను రమ్మంటున్నారు" అన్నాను.

వాళ్లమ్మ మిషను ఆపింది. "మూడు వారాలు. పిల్ల అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకునేది, ఈ చేతుల్లోంచి ఎలా రాలిందా అని. పెద్దదానివి, నీకు తెలీదూ?"

 మా అమ్మ కూడా నా వైపు మాట్లాడలేదు.

చిన్నది మెల్లగా అంది, "నేను ఒక్కసారే ఒలకబోశాను అక్కా. తర్వాత ఒక్కసారి కూడా లేదు. కానీ మీరిద్దరూ పెద్దవాళ్లు కదా, మీరంటుంటే ఉందేమో అనుకున్నాను. తర్వాత నిజంగానే గుర్తొచ్చినట్టయింది, రాలినట్టు."

అక్కడే ఏడ్చేశాను. అది ఏడవలేదు. "నువ్వెలా కనిపెట్టావు?" అని అడిగింది. చెప్పాను. దాని కళ్లు చిన్నవయ్యాయి. "అయితే నేను వెళ్లిపోయాక కూడా ఎక్కువే వచ్చిందా? మరి అప్పుడు కూడా నేనే అనుకున్నావా?" అంది. తప్పించుకోవడానికి లేని ప్రశ్న. "వారం రోజులు అనుకోవాలని చూశాను" అన్నాను.

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

సెప్టెంబరు 4, బుధవారం

నలభై డబ్బాలూ తూచి కొత్త పట్టిక రాసి గోడకు అంటించాను. తేదీ పెద్దగా వేశాను. పాత లెక్కలు తిరగరాయడానికి ముగ్గురం వారం పాటు ఆటల పీరియడ్ వదులుకుంటున్నాం. గురువారం వాడు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. కుళాయి దగ్గర వాడూ ఉన్నాడు కాబట్టి, నేను చెప్పడంతో వాడి పేరూ బయటికొచ్చింది.

నా మీద ఒక ఫిర్యాదు ఎక్కింది. ఇంకోటి రాకుండా చూసుకోవాలి.

సెప్టెంబరు 6, శుక్రవారం

దరఖాస్తు పంపేశాను. ఉత్తరం కవరు అంటించి ఇచ్చారు, ఏం రాశారో తెలీదు. అర పేజీలో, చెయ్యని పనిని చేసినట్టు మనిషికి ఎలా గుర్తొస్తుందో తెలుసుకోవాలని ఉందని మొదలుపెట్టాను. మట్టి కోర్సుకు అది అక్కర్లేదు. కొట్టేసి, బంకమట్టి గురించి రాశాను. కానీ ఆ ప్రశ్న మాత్రం పోవట్లేదు.

సెప్టెంబరు 10, మంగళవారం

చిన్నది బడికి రాలేదు. సోమవారం కూడా రాలేదు. మేడమ్‌ను అడిగితే "చూద్దాం" అన్నారు. క్లాసులో ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కలేదు.

సెప్టెంబరు 11, బుధవారం

పొద్దున ల్యాబులో అడుగుపెట్టగానే గోడకు అప్పగింత కాగితం. దస్తూరి గురువారం వాడిది కాదు. ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా. నిన్న బడికి ఎందుకు రాలేదో అప్పుడు వెలిగింది. మంగళవారం కదా, పనికొచ్చింది! గురువారం వాడు నిన్న క్లాసులోనే ఉన్నా నాకు తట్టలేదు.

ఓవెన్లో ఎన్ని పెట్టిందో, ఏ అరలో పెట్టిందో రాసింది. అన్నిటికన్నా కింద ఇలా ఉంది:

"అక్కా, పదకొండో డబ్బా కొత్త పట్టికలో 22.94 అని రాశారు. నేను మూడుసార్లు తూచాను. మూడుసార్లూ 22.49 వచ్చింది. సార్‌ని పిలిచి ఆయన ముందు కూడా తూచాను. నేను తప్పు తూయలేదు. మీరే తప్పు రాశారు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం ఒళ్లు మండింది కూడా, అబద్ధమెందుకు. సంచి కింద పెట్టి పదకొండో డబ్బా తీసి తూచాను.

22.49.

పట్టికలో నా అంకె కొట్టేసి పక్కన దాని అంకె వేశాను. అప్పగింత కాగితం మీద "నువ్వు రాసిందే కరెక్టు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.